గాలికి దారి అడిగిన మనిషి

నిన్న ఉదయం భవానీపూర్‌లో ఒక పాత మేడ రెండో అంతస్తులో, గ్యాస్ గీజరు కింద నిలబడి అగరుబత్తి వెలిగించాను. ఆ ఇంటి పెద్దావిడ పూజ చేస్తున్నాననుకుందేమో, తల మీదకు కొంగు లాక్కుంది. మల్లెపూల వాసన కలిపిన ఆ చవకరకం పొగ ముక్కుకు తగిలితే నాకు దేవుడు గుర్తుకు రాడు. సింహాచలం బాబాయి గుర్తుకొస్తాడు.

ఆయన మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చి మా నాన్నతో పాటు రేవులో పనిచేసేవాడు. రేవుకు దగ్గర్లోని వాట్‌గంజ్‌లో మా పక్క గదిలోనే ఉండేవాడు. నడుము దెబ్బతిని బరువులు మొయ్యలేకపోయాక గ్యాస్ గీజర్లు బిగించడం నేర్చుకుని భవానీపూర్‌లో చిన్న దుకాణం పెట్టాడు. బెంగాలీ బడిలో చదివాను కాబట్టి, ఫోన్లు ఎత్తి ఫిర్యాదులు రాయడానికి నన్ను పనిలో పెట్టుకున్నాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. "ఫోను కాడ కూకుంటే పని తెలీదు, నాతో రా" అని మొదటి చలికాలంలోనే ఇళ్ళకు తీసుకెళ్ళాడు.

అలా వెళ్ళిన మొదటి ఇల్లు ఉద్యోగ విరమణ చేసిన ఒక టీచరమ్మది. గీజరు స్నానాలగదిలోనే ఉండాలని, కిటికీ మూసుకుని వెచ్చగా స్నానం చేస్తానని ఆమె పట్టుదల. బాబాయి పెట్టె విప్పనే లేదు. "మాశీమా, మీరు పీల్చే గాలినే ఆ మంటా పీలుస్తుంది. గది మూసేస్తే ఇద్దరికీ చాలదు. గాలి చాలని మంట విషం కక్కుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. బయట వరండాలో పెడతాను, వేడినీళ్ళు గొట్టంలో లోపలికొస్తాయి" అని బెంగాలీలో నెమ్మదిగా చెప్పాడు. వేరేవాళ్ళను పిలుచుకుంటానందామె. ఆయన నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. రెండు రోజులకు ఆమే ఫోన్ చేసింది. వరండాలో బిగించి, తలుపులు మూయించి, గాలిని బయటికి లాగే వంటింటి ఫ్యాను వేయించి, గీజరు వెలిగించాక పొగగొట్టం మొదట్లో అగరుబత్తి పట్టుకున్నాడు. "సూడు, పొగ గొట్టంలోకి ఎల్తంది. ఇదే మన మొహం మీదకొస్తే, మిషను ఎంత కొత్తదైనా ఆపేయాల" అన్నాడు నాతో.

నాలుగేళ్ళు గడిచేసరికి నేనే సొంతంగా బిగించగలిగేదాన్ని. పని మొత్తం వచ్చేసిందనుకున్నాను. ఒక జనవరి మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నీళ్ళు మంచిగ వేడైతలేవు. మూడు దినాల నుంచి మా ఇద్దరికీ తల కూడా నొస్తుంది, చలి గట్టిగుంది కదా" అంది. రేపు వస్తామని చెప్పి, పుస్తకంలో 'నీళ్ళు వేడి తక్కువ' అని రాశాను. బాబాయి భోజనానికి కూర్చుంటూ ఏం ఫిర్యాదులొచ్చాయని అడిగాడు. హైదరాబాద్ అమ్మాయి ఫోన్ చేసిందని చెప్పి, రాసింది చదివాను.

"ఇంకేటి సెప్పింది ఆ గుంట?"

"ఇద్దరికీ తలనొప్పట. చలికేమో."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఫోను సెయ్యి. గీజరు ఆపీసి, తలుపులన్నీ తీసి బయటికి రమ్మను."

ఆ అమ్మాయి ఎత్తింది. భర్త స్నానానికి వెళ్ళాడంది. పిలవమన్నాను. ఆమె పిలవడం, తలుపు కొట్టడం నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉంది. లోపలి నుంచి జవాబు లేదు. పక్కింటివాళ్ళను కేకేసి తలుపు పగలగొట్టించమన్నాను. మేము టాక్సీలో చేరేసరికి అతన్ని మెట్ల మీదకు మోసుకొచ్చి, దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ పేరడిగితే చెప్పలేకపోతున్నాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజుకు ఇంటికొచ్చాడు.

గీజరు ఉన్నది వంటింటి బాల్కనీలో. స్నానాలగది కిటికీ కూడా అందులోకే తెరుచుకుంటుంది. కొన్నేళ్ళ కిందట ఇంటి యజమాని కోసం దాన్ని అక్కడ బిగించింది బాబాయే. అప్పుడు బాల్కనీ తెరిచి ఉండేది. తర్వాత ఎవరో చలికి, దుమ్ముకు అడ్డంగా నిండా అద్దాలు బిగించారు. వంటింటి ఫ్యాను తిరిగితే కొత్తగాలి వచ్చే దారి లేక, పొగగొట్టంలోంచి పోవలసిన విషం వెనక్కి ఇంట్లోకే వచ్చేది. బాబాయి ఆ అద్దం మీద చెయ్యి ఆనించాడు.

"నాను గొట్టం సూసినాను గానీ, సలేస్తే మనుసులు ఏటి సేస్తారో ఆలోసించనేదు. మిషను మారదు, ఇల్లు మారిపోద్ది" అన్నాడు.

తప్పు నాదేనని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "నువ్వు నీళ్ళ గురించి రాసినావు. ఆ గుంట మనుసుల గురించి సెప్పినాది" అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా లోతుగా దిగింది.

ఆ చలికాలమంతా పాత పుస్తకాలు ముందేసుకుని, ఆయన బిగించిన ప్రతి ఇంటికీ వెళ్ళాం. ఎవరూ పిలవలేదు. కొందరు అనుమానంగా చూశారు, కొందరు తలుపు తియ్యలేదు. గాలి రంధ్రాల్లో వార్తాపత్రికలు కుక్కినవాళ్ళున్నారు, అట్టలు అంటించినవాళ్ళున్నారు. ఒక ఇంట్లో కన్నానికి అడ్డంగా బీరువా ఉంది. నడుము నొప్పితోనే నాతో పాటు దాన్ని జరిపి, "కొంచెం సలికి ఓర్సుకోండి దాదా" అని ఆ ఇంటాయనకు తెలుగులోనే చెప్పేసి, తనే నవ్వి, మళ్ళీ బెంగాలీలో చెప్పాడు.

బాబాయి పోయి మూడేళ్ళవుతోంది. దుకాణం ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఎవరు ఫోన్ చేసినా, బెంగాలీలోనో హిందీలోనో తెలుగులోనో, నేను మొదట అడిగేది ఒకటే: ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, ఎవరికైనా తలనొప్పి, కళ్ళు తిరగడం ఉందా? చాలామంది విసుక్కుంటారు. మిషను పాడైందని చెప్తుంటే ఇదేం ప్రశ్న అంటారు. నేను మాత్రం వాళ్ళు జవాబు చెప్పేదాకా కలం పుస్తకం మీద పెట్టను.