పడవ పెట్టె మూతకు రెండు రాడ్లు

మా మావయ్య, అంటే నా భార్య తండ్రి, బాప్తిస్మానికి ఒప్పుకోవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆయన రేవులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం అత్తయ్యను టికియాపారాలోని మా తెలుగు సంఘం గుమ్మం దాకా దిగబెట్టి, తాను బయట టీ తాగుతూ కూర్చునేవారు. చివరికి ఒకరోజు నేను వాక్యం వివరిస్తుంటే మధ్యలో ఆపారు.

"సర్లెండి, వచ్చే ఆదివారం మునిగేస్తాను. ఆ రోజు తప్పిపోనాదంటే మరి నన్నడక్కండి."

అది నా వివరణ ఫలమేనని నాకు ఏమాత్రం సందేహం కలగలేదు.

నది ఘాట్ మెట్ల మీద ఎప్పుడూ జనం కాబట్టి, బాప్తిస్మాలకు మేం పడవ మాట్లాడుకుని ఎగువన లోతు తక్కువ చోటికి వెళ్తాం. పడవ మేం దాదా అని పిలిచే ఒక బెంగాలీ ఆయనది. లైఫ్ జాకెట్లుండే పెట్టె మూతను వెదురు కర్రతో నిలబెట్టేవాడు. బుధవారం తనిఖీకి వచ్చిన ఘాట్ బాబు లోపలికి చెయ్యి పెట్టగానే కర్ర జారింది. వేళ్ళు తృటిలో దక్కాయి. శనివారం సాయంత్రానికి మూత తనంతట తాను నిలబడకపోతే మనుషులను ఎక్కించవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. మిగతా పడవలన్నీ ఆ వారం ఎవరెవరికో కుదిరిపోయాయి.

కారు డిక్కీని పైకెత్తి పట్టుకునే గ్యాస్ రాడ్లు పెడదామని నేనే అన్నాను. ఒకటా, రెండా అని సంఘ పెద్దల మధ్య చర్చ వచ్చింది.

"ప్రభువు శిష్యులనే ఇద్దరిద్దరుగా పంపించారు. రాడ్డును ఒంటరిగా పంపుతామా?" అన్నారు అందరిలోకీ పెద్దాయన. అందరం ఆమెన్ అన్నాం.

భవానీపూర్‌లో మా ఆఫీసు పక్కనున్న విడిభాగాల కొట్టువాడు మూత బరువెంత అని అడిగాడు. "బరువుగానే ఉంటుంది" అన్నాను. వాడు పెద్ద వ్యానువి రెండిచ్చాడు.

శనివారం ఉదయం ఇద్దరు పెద్దల సమక్షంలో నేనే బిగించాను. మూత పైకి లేచి నిలబడింది. స్తోత్రం చెప్పుకున్నాం. మూసే సమయానికి అది దిగలేదు. రెండు చేతులతో నొక్కాను. పైకెక్కి కూర్చున్నాను. పెద్దలిద్దరూ నాతోపాటు కూర్చుంటే మూసుకుంది. మేం లేవగానే మా వెనకే లేచింది. రెండోసారికి బందుల స్క్రూలు ఊడిపోయాయి.

"ఎ తో భూత్," అన్నాడు దాదా.

భూతమనగానే పెద్దాయన కళ్ళు మూసుకుని ప్రార్థనకు సిద్ధమయ్యారు. ఇంతలో మావయ్య పనిముట్ల సంచితో వచ్చారు. నా భార్య ఫోను చేసిందట.

"ఏటి బాబూ ఇది? పీట ఎత్తడానికి ఇద్దరు వస్తాదుల్ని పెట్టారు."

"శిష్యులు ఇద్దరిద్దరుగా..." అని మొదలుపెట్టాను.

"ఆళ్ళు నడిసెళ్ళారు. మూతలెత్తలేదు."

ఒక రాడ్డు ఊడదీశారు. రెండోదాన్ని బందుకు దగ్గరగా జరిపి, తలకిందులుగా తిప్పి బిగించారు. మూత మూసినప్పుడు సన్న కడ్డీ కిందివైపుండాలట. అలాగైతే లోపలి నూనె అందులోని రబ్బరు సీలును ఆరనివ్వదట. బందులకు పొడుగు స్క్రూలు వేశారు. ఇప్పుడు మూత రెండు వేళ్ళతో లేచి నిలబడుతోంది, నొక్కితే దిగి ఊరుకుంటోంది.

అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆయన ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆదివారం దానంతట అదే తప్పిపోయేది. మళ్ళీ అడిగే హక్కు మాకుండేది కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"మీరు పాడుచేసిన పని సాకు పెట్టుకుని తప్పించుకున్నానంటే, మీ అత్తకి ఏటి చెప్పను?" అన్నారు పానాలు సంచిలో వేసుకుంటూ.

సాయంత్రం ఘాట్ బాబు వచ్చి మూతను మూడుసార్లు ఎత్తి దించి, పడవకు అనుమతి రాశాడు.

ఆదివారం పాస్టరుగారు మావయ్యను నదిలోకి దింపారు. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని, సాక్ష్యంలో చెప్పాల్సిన మాటలు మనసులో సరిచూసుకుంటున్నాను. దేవుడు మనుషుల ద్వారా పనిచేస్తాడని నా విశ్వాసం. ఆ మనిషి తరచుగా నేనేనని కూడా అనుకునేవాణ్ణి. మావయ్య నీళ్ళలోంచి లేచి, కళ్ళు తుడుచుకుని, ఒడ్డంతా వెతికింది అత్తయ్య కోసం. తువ్వాలు ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాను.