ఘానా అన్నయ్య చేతిలో మా అమ్మ తపేలా

పోయిన శనివారం మనవరాలు నన్ను మ్యూజియంకి తీసుకెళ్ళింది. పశ్చిమ ఆఫ్రికా శిల్పాలున్న గదిలో, పాలడబ్బా రేకులతో, తెగిన సైకిల్ గొలుసులతో చేసిన ఒక ఆడమనిషి బొమ్మ ముందు నేను కదలకుండా నిలబడిపోతే, "అమ్మమ్మా, ఇదంతా ట్రాష్‌తో మేక్ చేశారు, కెన్ యు బిలీవ్ ఇట్?" అంది. నమ్మకేం తల్లీ, అలా చేసే మనిషి మా కింది వాటాలోనే ఉండేవారని చెబుతూ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను.

సన్నీవేల్‌లో ఈ దేశానికి వచ్చిన కొత్తలో మేము కాపురం పెట్టిన రోజులవి. శాంటా క్లారాలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసేదాన్ని. కింది వాటాలో ఉండే ఘానా ఆయన వారమంతా బస్సు నడిపి, సెలవు రోజున కార్ల షెడ్డులో కూర్చుని, జనం పారేసిన రేకులూ తీగలూ కలిపి బొమ్మలు చేసేవారు. వాళ్ళ ఊళ్ళో మేనమామ నేర్పిన పనట. నన్ను సిస్టర్ అనేవారు, నేను మనసులో అన్నయ్య అనుకునేదాన్ని. అయినా ఆయన చెత్తడబ్బా మీదికి వంగి వెతుకుతుంటే, చూసినందుకు నాకే సిగ్గేసి పక్కకు తిరిగి వెళ్ళిపోయేదాన్ని.

మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి తపేలా ఒకటుండేది. కళాయి పోయింది, అడుగు చీలింది, బాగుచేసేవాళ్ళు ఇక్కడెవరు? అమ్మ పోయిన ఏడాదికి, ఇల్లు సర్దుతూ మావారు దాన్ని పాత సామానుతో పాటు పారేశారు. నేనూ వద్దనలేదు. సాయంత్రానికి మనసాగక పరుగున దిగివెళితే చెత్తడబ్బాలో అది లేదు. వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

తరవాత ఒక ఆదివారం షెడ్డు ముందునుంచి వెళుతుంటే, కూర్చున్న తల్లి బొమ్మకు పొట్టగా కనిపించింది మా తపేలా. అంచున చెక్కించిన అమ్మ పేరు చెక్కు చెదరకుండా ముందువైపుకే ఉంది.

"ఎంత బావున్నాయో చూడు సిస్టర్, ఏం పువ్వులివి?" అన్నారాయన ఇంగ్లీషులో.

పువ్వులు కావు, తెలుగు అక్షరాలు, మా అమ్మ పేరని చెప్పి అక్కడే ఏడ్చేశాను. ఆయన గబగబా లేచి, తపేలాను విడదీసి ఇచ్చేస్తానని సుత్తి అందుకున్నారు. నేనే వద్దన్నాను. ఎన్నో ఏళ్ళు పొయ్యి మీద మాడిన గిన్నె, ఆయన చేతిలో కుదురుగా కూర్చున్న ఇల్లాలయింది. ఆ పేరొకటి అరగదీయవద్దని మాత్రం అడిగాను.

తరవాత లైబ్రరీలో ఆ బొమ్మను ప్రదర్శనకు పెట్టినప్పుడు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఎవరో కొనుక్కుని తీసుకుపోయారు. అన్నయ్య కూడా వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తరవాత అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో, బాతెల్‌లో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. వీధిలో ప్రతి ఇంటి ముందూ మూతపెట్టిన చెత్తడబ్బాలు. లారీ వచ్చి, దాని ఇనుప చెయ్యే ఎత్తి గుమ్మరించుకుని పోతుంది. శుభ్రంగానే ఉంది, కాదనను. కానీ ఆరేళ్ళుగా పక్కింటివాళ్ళు ఏం వండుకుంటారో, ఏం పారేసుకుంటారో, దేనికి ఏడుస్తారో నాకు తెలియదు. నా సంగతీ వాళ్ళకు తెలియదు.