ట్రంక్ మీద అంటించిన పేరు

ఉమాకాంత్ గారింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇల్లినాయ్‌లోని అరోరాలో మా వరసలో ఉన్న టౌన్‌హోమ్‌లన్నీ అలాంటివే. పదకొండేళ్ళుగా పక్కపక్కన ఉంటున్నాం. ఆయన దగ్గు మాకు వినిపిస్తుంది, మా కుక్కర్ కూత వాళ్ళకు వినిపిస్తుంది. ఆయన గురించి అంతా నాకే తెలుసనను గానీ, ఆ కారు సంగతి మాత్రం మొదటి నుంచీ నా కళ్ళముందే జరిగింది.

ఆయనది గుడివాడ దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ దేశం వచ్చారు. ఒక బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. స్వభావమూ అదే. బెండకాయ తోక విరిచి చూడనిదే సంచిలో వెయ్యరు. ఇన్నేళ్ళలో నాలుగు కార్లు కొన్నారు. నాలుగూ ఒకరు వాడి అమ్మినవే. కొనేముందు నేలమీద పాత దుప్పటి పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరేవారు. ఎక్కడ తుప్పు పట్టిందో, ఎక్కడ ఆయిలు కారుతోందో ఓ నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

"పాత బండితో ఓ సుఖం ఉంది భద్రం గారూ. దాని రోగమేంటో ముందే తెలిసిపోతుంది. తెలిసిన రోగంతో ఎలాగో నెట్టుకు రావచ్చు" అనేవారు నాతో.

కిందటేడు ఫిబ్రవరిలో ఆ ధీమా పోయింది.

ఆయన భార్య రాధారాణి గారు నేపర్‌విల్ అవతల ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఉదయం ఆరింటికి డ్యూటీ. ఆ రోజు చలి సున్నాకి బాగా కిందికి దిగింది. హైవే మీద బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. హీటర్ లేదు. ఆ చలికి ఫోన్ కూడా చచ్చిపోయింది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే, ప్రతి లారీకీ కారు ఊగిపోతుంటే, ఆవిడ రోడ్డు అంచున గంటన్నర కూర్చున్నారు. గస్తీ పోలీసు వచ్చి అద్దం తట్టేసరికి మాట తడబడుతోందట. ఎడమకాలి రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ లేదు.

బ్యాటరీ వైరు వదులుగా ఉన్నట్టు ఉమాకాంత్ గారి నోట్‌బుక్‌లో రాసే ఉంది. చలికాలం దాటాక మార్పిద్దామనుకున్నారు. ఆ ముక్క ఆసుపత్రి వరండాలో నాకు చెప్పి, గోడకేసి తిరిగి నిలబడ్డారు.

ఆ తర్వాత రాధారాణి గారు స్టీరింగ్ ముట్టుకోలేదు. పనిలోకి వెళ్ళాలంటే ఆయనే దింపి రావాలి. ఏప్రిల్‌లో ఓ రోజు ఉమాకాంత్ గారు నా దగ్గరికొచ్చి, "ఈసారి కొత్తది కొంటున్నానండీ. ఎవ్వరూ వాడనిది. తనని నమ్మించి మళ్ళీ డ్రైవ్ చేయించాలంటే అదొక్కటే దారి" అన్నారు.

ఎవరి దగ్గర కొనాలన్న ఆలోచనే రాలేదు. జగదీష్ ఉన్నాడు. వరంగల్ కుర్రాడు. భార్య ఉద్యోగం పేరుమీద ఈ ఊరు వచ్చిన కొత్తల్లో అద్దె ఇల్లు దొరక్క, ఆ దంపతులిద్దరూ రెండు నెలలు ఉమాకాంత్ గారి బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. రాధారాణి గారు వాళ్ళకి క్యారేజీలు కట్టిచ్చేవారు. ఇప్పుడతను ప్రెయిరీ గేట్ మోటార్స్ అనే షోరూంలో సేల్స్‌మన్. ఉమాకాంత్ గారిని నోరారా అన్నా అని పిలుస్తాడు.

కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. ఉమాకాంత్ గారు బేరం కూడా గట్టిగా ఆడలేదు. ఒక్కటే అడిగారు. ఇక్కడి షోరూంల వాళ్ళు కారు డిక్కీ మీద, ట్రంక్ అంటారిక్కడ దాన్ని, తమ పేరు అంటించి పంపుతారు.

"ట్రంక్ మీద మీ షోరూం పేరు అంటించొద్దు జగదీష్. నంబర్ ప్లేట్ చుట్టూ మీ ఫ్రేమ్ కూడా పెట్టొద్దు. నేను కొనుక్కున్న బండి మీద మీ అడ్వర్టైజ్‌మెంట్ ఏంటి చెప్పు?"

"గట్లనే అన్నా. నేను దగ్గరుండి చూస్కుంట" అన్నాడు జగదీష్.

నాలుగు రోజుల తర్వాత డెలివరీ. ముదురు నీలం రంగు బండి, తుడిచిన గాజులా మెరుస్తోంది. వెనక్కి వెళ్ళి చూస్తే ట్రంక్ మీద కుడివైపు వెండిరంగు ప్లాస్టిక్ అక్షరాలు: ప్రెయిరీ గేట్. నంబర్ ప్లేట్ చుట్టూ అదే పేరుతో నల్లటి ఫ్రేమ్.

"ఇదేంటయ్యా? చెప్పాను కదా" అన్నారు ఉమాకాంత్ గారు.

జగదీష్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "బండి కడిగి మెరుగు పెట్టే డీటెయిలింగ్ వాళ్ళు పెట్టేసిన్రన్నా. ఫ్రేమ్ ఇప్పుడే తీసేస్త. ఆ అక్షరాలు మాత్రం ఉండనియ్యిన్రి. గీకితే పెయింట్ ఖరాబైతది. వద్దన్నా, ముట్టుకోకున్రి."

అతను అంత గట్టిగా ఎందుకు చెబుతున్నాడో మాకప్పుడు తోచలేదు. ఫ్రేమ్‌కి నాలుగు స్క్రూలు. అతనే కూర్చుని విప్పాడు. బండి ఇంటికొచ్చింది. రాధారాణి గారు హారతిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని చాలాసేపు స్టీరింగ్ మీద చేతులుంచుకున్నారు. వారం తిరగకుండా ఒంటరిగా డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ వారమంతా ఉమాకాంత్ గారి దగ్గు కూడా నాకు వినపడలేదు.

మే నెలలో ఒక శనివారం ఆయన నన్ను పిలిచారు. ఆ అక్షరాలు ఆయనకి కంట్లో నలుసులా ఉన్నాయి. ఎలా తియ్యాలో అంతా చదివి పెట్టుకున్నారు. రాధారాణి గారి హెయిర్ డ్రయ్యరూ, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారమూ, జిగురు కరిగించే నూనె, మెత్తటి గుడ్డలూ వరసగా పెట్టారు. నేను వేడిగాలి పట్టాను. ఆయన దారాన్ని రెండు చేతుల వేళ్ళకూ చుట్టి, అక్షరం వెనక దూర్చి రంపంలా ఆడించారు. ఒక్కొక్కటే ఊడొచ్చింది. కింద మిగిలిన జిగురుని బొటనవేలితో నలిపి ఉండలు చేసి తీశారు. నూనె రాసి తుడిస్తే జాడ కూడా లేదు. ఆయన ఈల వేస్తున్నారు. ఆయన ఈల వెయ్యగలరని నాకు అప్పుడే తెలిసింది.

చివరి అక్షరంతో పాటు రంగు కూడా ఊడి వచ్చింది.

కాస్త కాదు. నాలుగు వేళ్ళ మేర, పాల మీద మీగడలా పొరగా లేచింది. కింద ఇనుము లేదు. బూడిద రంగు లప్పం ఉంది. వంకర పోయిన రేకుని సాపు చెయ్యడానికి పూస్తారే, అది.

హెయిర్ డ్రయ్యర్ ఆపేశాను. ఆయన లోపలికెళ్ళి టార్చిలైటు తెచ్చుకున్నారు. పట్టపగలు ట్రంక్ మీద లైటు వేసి, చెంప రేకుకి ఆనించి, ఏటవాలుగా చూశారు. 

"ఇది ఫ్యాక్టరీ రంగు కాదండీ. తర్వాత వేసిన రంగు" అన్నారు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. "ఏమండీ, అయిపోయిందా? టీ పెట్టనా?" అని రాధారాణి గారు గుమ్మంలోంచి అడిగారు.

ఉమాకాంత్ గారు చేతిలో గుడ్డని ఆ మచ్చ మీద పరిచి, దానిమీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "అయిపోయింది. పెట్టు" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళాక నావైపు చూసి, "తనతో అనకండి" అన్నారు మెల్లగా. నేను తలూపాను. ఊపకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

సోమవారం ఆయన సెలవు పెట్టారు. ఆవిడకి ఏదో సాకు చెప్పి బండి తీసుకుని బయల్దేరారు. నేనూ తోడు వెళ్ళాను. ముందు ఒక బాడీ షాప్‌కి. అక్కడి ముసలాయన రంగు మందం కొలిచే చిన్న యంత్రాన్ని బండి చుట్టూ ఆనించి చూశాడు. తలుపుల దగ్గర ఒక లెక్క, వెనకభాగంలో దానికి మూడింతలు. బండిని పైకెత్తి కింద కూడా చూశాడు. బంపర్ వెనకుండే ఇనప కడ్డీ కొత్తగా బిగించింది.

"వెనకనుంచి గట్టి దెబ్బ తగిలింది. రిపేరు బాగానే చేశారు, ప్రమాదమేమీ లేదు. రంగు మాత్రం తొందరపడి వేశారు. ఇక్కడ కారింది చూడు. ఆ కారిన మచ్చ మీదనే పేరు అంటించారు" అన్నాడు.

అక్కణ్ణించి షోరూంకి. మేనేజర్ మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు. ఊడిన రంగు చూసి, సానుభూతిగా తలాడించాడు. అక్షరాలు మీరే తీశారు కాబట్టి రంగు పోవడానికి బాధ్యత మీదేనన్నాడు. లప్పం సంగతి అడిగితే, బండ్లు నిలిపే మా లాట్‌లోంచి ఇది బాగానే వెళ్ళింది, ఆ తర్వాత ఏం జరిగిందో మాకెలా తెలుస్తుంది అన్నాడు. ఉమాకాంత్ గారు వాదించలేదు. అద్దం గోడ అవతల జగదీష్ కంప్యూటర్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన అతన్నే చూస్తున్నారు.

మేం బండి దగ్గరికి వచ్చేసరికి జగదీష్ వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నీకు తెలుసా?" అని అడిగారు ఉమాకాంత్ గారు.

అతను నేలచూపులు చూశాడు. "ఎరుకే అన్నా. లాట్‌లనే ఇంకో బండి రివర్స్‌ల వచ్చి గుద్దింది. చెప్పొద్దన్నరు. ఆ నెల నా టార్గెట్ కాలే. ఇంకో నెల గిట్లనే అయితే తీసేస్తమన్నరు."

"ఇంతమంది వస్తారు కదా మీ షోరూంకి. నేనే దొరికానా?"

జగదీష్ వెనక్కి తిరిగి షోరూం అద్దాల వైపు చూశాడు. "వేరేటోళ్ళు చెక్ చేపిస్తరన్నా. మీరు నన్ను నమ్ముతరు గదా" అన్నాడు.

ఉమాకాంత్ గారు కారెక్కి సీటు బెల్టు పెట్టుకున్నారు. మూడుసార్లు జారింది. నాలుగోసారి పడింది.

లాయర్ని పెడదామని నేను నెలరోజులు చెప్పాను. బాడీ షాప్ వాళ్ళిచ్చిన కాగితం ఉంది. జగదీష్ వచ్చి ఉన్నమాట చెబితే చాలు. ఆయన ఒప్పుకోలేదు.

"వాడు సాక్ష్యం చెప్తే వాడి ఉద్యోగం పోతుంది. అది సరే, వాడి ఖర్మ. కేసు వేస్తే రాధకి తెలుస్తుంది. రెండు నెలలు పట్టిందండీ తను మళ్ళీ బండెక్కడానికి. బండి సేఫ్ అన్నాడుగా ముసలాయన. పోనివ్వండి."

ఆ మచ్చకి సీసా రంగు కొని తనే సన్నటి కుంచెతో పూశారు. రంగు కలిసింది గానీ ఎండలో చూస్తే అక్కడ మెరుపు లేదు. రాధారాణి గారు అడిగితే, అక్షరాలు తీసేటప్పుడు తన చెయ్యి జారి గీసుకుందని చెప్పారు. "మీకు చెయ్యి జారడమేమిటండీ" అని ఆవిడ నవ్వారట. అప్పటినుంచీ ప్రతి ఆదివారం బండిని ఆయనే కడిగేవారు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. జగదీష్ ఒకటి రెండుసార్లు ఫోన్ చేశాడు, ఈయన తియ్యలేదు. దసరాకి ముందే ఆ దంపతులు డాలస్ వెళ్ళిపోయారని విన్నాం.

అక్టోబర్‌లో ఆసుపత్రి పార్కింగ్‌లో ఎవరో వెనకనుంచి వచ్చి రాధారాణి గారి బండికి తగిలించారు. పెద్ద దెబ్బ కాదు, బంపర్ మూల పగిలింది. చూడ్డానికి బీమా మనిషి వచ్చాడు. అతని దగ్గరా ఆ రంగు కొలిచే యంత్రం ఉంది. ఈ భాగం ఇదివరకే దెబ్బతిని రిపేరైంది, పాత దెబ్బకి మేము కట్టం అన్నాడతను. ఆవిడ ఒప్పుకోలేదు. ఇది కొత్త కారు, మా ఆయన అణువణువూ పరీక్షించనిదే ఏదీ కొనరు, నీ యంత్రమే తప్పు అని అరగంట వాదించారట. చుట్టూ తోటి ఉద్యోగులు నిలబడి చూశారట.

ఆ సాయంత్రం గోడ అవతలనుంచి మాటలు వినిపించాయి. వినకూడదనుకున్నా వినిపించాయి.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మే నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మళ్ళీ భయపడతావని."

"అయిదు నెలలు. రోజూ చీకటితో అదే హైవే మీద వెళ్ళాను. బండి గురించి కాదండీ. మీరు చూశారు కదా, ఇంక చూసుకోవాల్సిందేం లేదు అనుకునే వెళ్ళాను. ఫిబ్రవరిలో ఆ వైరు సంగతీ ఇంతే. మీకు తెలుసు, నాకు తెలీదు."

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. అరుపులేమైనా వినిపిస్తే బావుండుననుకున్నాను.

మర్నాటి నుంచి రాధారాణి గారు డ్రైవ్ చెయ్యలేదు. మళ్ళీ ఆయనే దింపి, ఆయనే తెచ్చేవారు. చలికాలమంతా ఉదయం ఐదింటికి ఆ నీలం కారు మా కిటికీ ముందునుంచి వెళ్ళేది. ఇదివరకు పక్క సీట్లో కూర్చునే ఆవిడ ఇప్పుడు వెనక సీట్లో కూర్చునేవారు. కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని మా ఆవిడతో అన్నారట.

మార్చిలో ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం మానేశారు. మా వీధికి రెండు మలుపుల అవతల ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో చేరారు. గంటలు తక్కువ, పని కూడా ఆవిడ చదువుకి తగ్గది కాదు. నడిచి వెళ్ళిపోవచ్చు. అంతకు మించి ఆ ఉద్యోగంలో చెప్పుకోదగ్గదేం లేదు.

రోజూ ఉమాకాంత్ గారు ఆవిడతో పాటు మొదటి మలుపు దాకా నడుస్తారు. ఆవిడ రమ్మనరు, వద్దనీ అనరు. మలుపు దగ్గర ఆయన ఆగుతారు, ఆవిడ వెళ్ళిపోతారు. దారిలో మాట్లాడుకుంటారో లేదో నాకు తెలియదు. మా కిటికీలోంచి చూస్తే ఇద్దరి వీపులే కనబడతాయి.