ఎనిమిది నెలల పెళ్ళికొడుకు

చోడవరంలో జరిగిన నా పెళ్ళిచూపులు టీ చల్లారకముందే చెడిపోయాయి. చెడగొట్టింది శత్రువులు కాదు, నేనే. అదీ ఒక్క కాగితంతో. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం. బాప్తిస్మం తీసుకుని ఎనిమిది నెలలైంది. కొత్తగా నమ్మినవాడి ఉత్సాహం కొత్త హారను బిగించిన ఆటోలాంటిది. దారిలో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. పాస్టరుగారు వరసగా మూడు ఆదివారాలు మూడు సంగతులు బోధించారు. దేవుడు లోకం పుట్టకముందే మనల్ని ఏర్పరచుకున్నాడు. మన క్రియల్ని చూసి కాక, విశ్వాసాన్ని బట్టి నీతిమంతులుగా ఎంచాడు. ఆత్మలో కొత్త జన్మ ఇచ్చాడు. ఆయన బాగానే చెప్పారు. నాకే తొందరెక్కువ.

ఆ తొందరలోనే పెళ్ళి బయోడేటా రాశాను. పుట్టిన తేదీ దగ్గర బాప్తిస్మం తేదీ వేశాను. చదువు దగ్గర బి.ఎస్సీ. పాస్ అన్నాను. ఫిజిక్సులో రెండు పేపర్లు మిగిలున్నమాట నిజమే. కానీ సాక్షాత్తు దేవుడే నన్ను నీతిమంతుడన్నాక, యూనివర్సిటీ ఏపాటిది?

చూపులు పాస్టరుగారింట్లో. అమ్మాయి రత్నకుమారిది వడ్డాది, ఆసుపత్రిలో నర్సు. వెంట మేనమామ వచ్చారు, రిటైరైన లెక్కల మాస్టారు. కాగితం ఆయన చేతికే వెళ్ళింది.

"ఏటిది బాబూ? నువ్వు పుట్టి ఎనిమిది నెలలేనా?"

"అవునండీ," అన్నాను గర్వంగా. "పాత మనిషి సచ్చిపోయేడండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నేను అంతే ఉన్నాను.

"పదమ్మా," అంటూ లేచారు. "ఇది బాల్యవివాహం. మనమీద కేసెడతారు."

"ఒరే, నిన్ను కన్నదాన్ని ఇక్కడే ఉన్నాన్రా!" అంది మా అమ్మ.

రత్నకుమారి మాత్రం లేవలేదు. కాగితం అందుకుని చదివింది. "ఎనిమిది నెలలంటే, వచ్చే నెల తట్టు టీకా ఉంటదండి. మర్సిపోకండి," అంది, ముఖంలో నవ్వన్నది లేకుండా. "మరి డిగ్రీ ఎప్పుడు పాసయ్యేరు? పుట్టకముందేనా?"

"రెండు పేపర్లు పోయేయండి. కానీ అవి లెక్కలోకి రావు. నన్ను నీతిమంతుడిగా తీర్సేసేరు."

"ఎవరు? యూనివర్సిటీవోళ్ళా?"

"దేవుడండి."

"ఆయన కొట్టేసింది మీ పాపాలనండి. ఫిజిక్సుని కాదు."

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా అంటారు మీరు. మూసుకోలేదు. "సూడండి, లోకానికి పునాది వెయ్యకముందే దేవుడు మిమ్మల్ని నాకోసం ఏర్పరిసేడు," అన్నాను.

"అలాగా? నాకు సెప్పలేదే," అందామె.

పాస్టరుగారు అప్పటిదాకా వంచిన తల ఎత్తారు. "బాబూ, ఏర్పాటు రక్షణకి. పెళ్ళిసంబంధానికి కాదు. మాస్టారూ, నేను నిజంగా ఇలా సెప్పలేదండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను మాత్రం కుర్చీలోనే ఉండిపోయాను. తేదీ సంగతి ఉత్త పిచ్చితనం. సిగ్గుపడాల్సింది ఆ రెండు పేపర్లకి. ఫెయిలైన సంగతి చెప్పడానికి భయపడి దేవుడి చాటున దాక్కున్నాను. అదే చెప్పాను పాస్టరుగారికి.

"క్షమాపణ దొరికినోడికి దాసుకోవడం దేనికి బాబూ?" అన్నారాయన.

మర్నాడు బస్సెక్కి వడ్డాది వెళ్ళాను. "రెండు పేపర్లు తప్పేనండి. మళ్ళీ రాస్తన్నాను," అన్నాను గుమ్మంలోనే.

"రాయండి. సూద్దాం," అంది రత్నకుమారి.

మొదటిసారి ఒకటి పాసయ్యాను. రెండోది మరుసటి ఏడాది, అత్తెసరు మార్కులతో. ఆమె ఆగింది. ఎందుకు ఆగిందని ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఆలోచనలో పడుతుందేమోనని భయం.

పెళ్ళినాడు చర్చి రిజిస్టరులో పుట్టిన తేదీ అడిగారు. మాస్టారు నా భుజం మీదుగా తొంగిచూస్తుంటే, టెన్తు సర్టిఫికెట్టు చూసి ఒక్కో అంకె దిద్దినట్టు రాశాను. పక్కనే ఉన్న అమ్మ కూడా చూసింది.

"ఆ తేదీ కాదురా. బళ్ళో ఏసినప్పుడు నోటికొచ్చింది సెప్పేను. నువ్వు పుట్టింది సెరుకు నరుకుడప్పుడు. తేదీ ఎవడికి గురుతు?"

కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నాకు కచ్చితంగా తెలిసిన పుట్టినరోజు ఆ బాప్తిస్మం రోజు ఒక్కటే అయినా సరే, ఇక బతికున్నంతకాలం ఏ ఫారంలోనూ సర్టిఫికెట్టు తేదీయే తప్ప నిజం రాయను.