గొంగడి కప్పుకొని శ్రీలంకకు

మా వీధి బీరన్న నలభై ఏళ్లుగా నల్గొండ అంగట్లో గొంగళ్లు అమ్ముతున్నాడు. స్వెటరు వేసుకున్న మనిషి కనబడితే చాలు, ఆయనకు ఒళ్లు మండుతుంది. "సారూ, గా స్వెటర్లు పిల్లగాండ్లకు! నా గొంగడి ఉంటే చలి నీ జోలికే రాదు" అని, పంతులునని కూడా చూడకుండా నన్ను పదిమందిలో కడిగేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

అలాంటివాడికి ఉబ్బసం పట్టుకుంది. డాక్టరు చలికి దూరంగా ఉండమన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు మనీష వెంటనే డిసెంబరులో చలి ఉండని శ్రీలంకకు టికెట్లు తీసింది, వారం రోజులకు. బీరన్న గుండె గుభేలుమంది. చలికి జడిసి దేశం దాటినవాడి గొంగడి ఎవరు కొంటారు?

"కొల్లాపూర్‌ల సుట్టాల కాడికి పోయిండని చెప్పు సారూ, జర నా ఇజ్జత్ కాపాడు" అని నన్ను బతిమాలి, చంకలో గొంగడితో విమానమెక్కాడు. నేను అందరికీ అలాగే చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

మూడో రోజు, ఈ అబద్ధం సంగతి తెలియని మనీష వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టింది. సముద్రపు ఒడ్డున తెల్లదొరలు చెడ్డీలతో పడుకుని ఉంటే, మధ్యలో మా బీరన్న నెత్తి నుంచి కాళ్లదాకా గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. అంగడంతా ఆ ఫొటో తిరిగింది.

ఆయన తిరిగొచ్చి దుకాణం పరవగానే, పాత గిరాకీ గోపయ్య ఫోన్ చూపించాడు. "బీరన్నా, కొల్లాపూర్‌కు సముద్రం ఎప్పుడొచ్చిందే?"

అందరూ పగలబడి నవ్వారు. బీరన్న మొహం మాడిపోయింది. ఎంత తిట్టినా నావాడే కదా, నేను నవ్వలేకపోయాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఔ, చలికి ఉరికిన! గని ఆడ హోటల్ రూంల ఏసీ ఉన్నది. దాన్ని ఎట్ల బంద్ చెయ్యాల్నో నాకు ఎర్క లేదు. పక్క రూంల పండుకున్న బిడ్డను లేపుడెందుకని ఊకున్న. గీ గొంగడి లేకుంటే పానమే పోవు! తెల్లారంగనే పోయి ఇసుకల ఎండకు కూసున్న. గదే ఫొటో."

గోపయ్య నవ్వు ఆపి, ఒక గొంగడి తీసి చూశాడు. "గిది నాకియ్యి" అన్నాడు.

మడిచి ఇవ్వడానికి బీరన్న చేయి చాపాడు. ఆయన కప్పుకున్న గొంగడి కిందినుంచి ఎర్ర స్వెటరు చేయి బయటపడింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆయన చప్పున లోపలికి లాక్కుని నావైపు దీనంగా చూశాడు.

నేను దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను.

"కొల్లాపూర్‌ల కొన్నవా?"