చెవి బాబాయ్ తీసిన తలుపు

మీరు చెవి బాబాయ్‌ని కలిసి తీరాలి. తాళంచెవి పోగొట్టుకునేదాకా ఆగక్కర్లేదు, ఊరికే వెళ్ళినా మాట్లాడతాడు. మా వీధి మలుపులో జిరాక్స్ షాపు మెట్ల కింద, ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటులో ఉంటుంది ఆయన దుకాణం. ఒక స్టూలు, తాళంచెవులు కోసే చిన్న మెషీను, గోడకి కొట్టిన మేకులకి ఇంకా పళ్ళు కోయని తాళంచెవుల గుత్తులు, నూనె మరకల గుడ్డ, రెండు ఆకురాళ్ళు. అంతే. తాళం తీసేటప్పుడు కళ్ళు మూసుకుని తలుపుకి చెవి ఆనిస్తాడు. లోపల పిన్నులు ఒక్కొక్కటీ లేచే చప్పుడు ఆయనకి వినబడుతుందట. అందుకే ఆ పేరు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో, పిన్ని కూడా "మా చెవాయన" అనే అంటుంది.

నేను ఆయన్ని కలిసింది నా తెలివితక్కువతనం వల్లే. ముగ్గురం అమ్మాయిలం కలిసి ఒక గదిలో అద్దెకుంటున్నాం. మిగతా ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళిపోయారు. చెత్తబుట్ట బయట పెడదామని ఒక్క అడుగు వేశాను, వెనకాల తలుపు టక్కున పడిపోయింది. తాళంచెవి లోపల, ఫోను లోపల, ఇంకో గంటలో లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ, అంటే అదీ లోపలే. రబ్బరు చెప్పులతో పరిగెత్తి బాబాయ్‌ని దాదాపు లాక్కొచ్చాను.

ఆయన సంచీ కింద పెట్టి, తలుపు తట్టాడు. "లోపల ఎవరమ్మా? నేను తాళాలు తీసేవాణ్ణి. తియ్యమంటారా, వద్దంటారా?" అని గట్టిగా అడిగాడు. ఎవరూ లేరని చెప్పాను. తల ఊపి మళ్ళీ తట్టాడు, మళ్ళీ అదే ప్రశ్న. నాకు ఒళ్ళు మండింది.

"బాబాయ్, లోపల బొద్దింకలు తప్ప ఎవరూ లేరు. వాటి పర్మిషన్ కూడా కావాలా?"

"కావాలి," అన్నాడు నవ్వకుండా. "అయిదు నిమిషాలు ఆగుదాం."

ఆగాం. తర్వాత మూడే నిమిషాల్లో తీసేశాడు. ఇంటర్వ్యూ అందింది, ఉద్యోగం అందలేదు, అది వేరే సంగతి. ఆ అయిదు నిమిషాలు మాత్రం నన్ను వదల్లేదు. మర్నాడు వెళ్ళి ఎందుకలా చేశారని అడిగాను. మాట మార్చాడు. ఇంకోసారి వెళ్ళాను, మెషీను చప్పుడులో వినపడనట్టు ఉండిపోయాడు. నేనసలే జిడ్డుదాన్ని. నాలుగోసారికి చెప్పాడు.

రెండేళ్ళ కిందటి మాట. ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, తాళంచెవి ఎక్కడో పడిపోయిందనీ, ఇంట్లో ఎవరూ లేరనీ మర్యాదగా చెప్పి బాబాయ్‌ని స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. నాలుగు బ్లాకుల పెద్ద అపార్ట్‌మెంటు. గేటు దగ్గర బాబాయ్‌కి ఫోటో తీశారు, ఫోన్ నంబరు రాయించుకున్నారు, సంచీ విప్పించి ఒక్కో పనిముట్టూ చూశారు. మూడో అంతస్తు. బాబాయ్ కూడా పద్ధతి గలవాడే. తలుపు ముట్టుకునే ముందు ఆధార్ కార్డు చూస్తాడు, పక్కింటివాళ్ళని పిలుస్తాడు. కార్డులో అదే అడ్రసు ఉంది. ఎదురింట్లో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు చేతిలో పేపరుతో బయటికొచ్చి, ఆ ఇల్లు ఆయనదేనని చెప్పాడు.

అప్పుడు బాబాయ్ వంగి తాళం చూశాడు. ఇదే తాళం ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారని అడిగితే, మూడేళ్ళ నుంచి అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన.

ఆ తాళానికి మూడు రోజుల వయసు కూడా లేదు. స్క్రూలు తళతళలాడుతున్నాయి. ఉలితో తొలిచిన చోట చెక్క ఇంకా తెల్లగా ఉంది. గడప మూల చిటికెడు పొట్టు, తాళంలోంచి ఫ్యాక్టరీ నూనె వాసన. ముప్పై ఏళ్ళు తాళాలతో బతికినవాడికి ఇంకేం కావాలి? ఈయన తాళంచెవి పోగొట్టుకోలేదు, ఈ తాళం చెవి ఈయన దగ్గర ఎప్పుడూ లేదు అని ఆ క్షణంలోనే అర్థమైపోయింది. చేతులు ఆగిపోయాయట. కానీ గేటు అవునంటోంది, కార్డు అవునంటోంది, ఎదురింటాయన అవునంటున్నాడు. కాదంటున్నది తాళం ఒక్కటే.

బాబాయ్ తటపటాయించడం చూసి ఎదురింటాయన నవ్వాడు. ఇవి ఇప్పుడిప్పుడే వస్తున్న తాళాలనీ, ఈ ఇనప పుల్లలతో బాబాయ్ వల్ల కాదనీ, డ్రిల్లు ఉన్నవాణ్ణి పిలుచుకోమనీ సలహా ఇచ్చాడు.

"ఆ మాట నన్ను ముంచిందమ్మా," అన్నాడు బాబాయ్ నాతో. "అప్పటిదాకా తలుపు గురించి ఆలోచిస్తున్నాను. అక్కణ్ణుంచి నా గురించి ఆలోచించాను."

కళ్ళు మూసుకుని చెవి ఆనించాడు. ఒక పిన్ను లేచింది, రెండోది లేచింది. నాలుగు దాటి అయిదో పిన్ను దగ్గర లోపలి నుంచి ఇంకేదో వినబడింది. ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలారు. తలుపుకి అవతల, ఆయన చెవికి జానెడు దూరంలో. అప్పటికే చెయ్యి తిరిగిపోయిందని చెప్పాడు. మళ్ళీ తనే దిద్దుకున్నాడు. తిరిగిపోలేదమ్మా, తిప్పాను అన్నాడు.

లోపల గోడకి ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై దాటి ఉండదు. తలుపు తోసుకొచ్చిన భర్త వైపు చూడలేదు, బాబాయ్‌నే చూసింది.

"చప్పుడు చెయ్యకుండా నిలబడితే వెళ్ళిపోతారనుకున్నానండీ," అంది.

భర్త లోపలికి అడుగు పెట్టాడు, తలుపు మూసుకుంది, తాళం పడింది. ఎదురింటాయన మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని పేపరు పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. బాబాయ్ మెట్ల మీద కొంతసేపు నిలబడి, దిగి వచ్చేశాడు. గేటు దగ్గర బయటికెళ్ళే టైము రాసుకుని థాంక్స్ చెప్పారట.

ఇది విన్నప్పట్నుంచీ నాకు ఏ గేటు చూసినా ఇదే ఆలోచన. మన ఊళ్ళలో ఇప్పుడు పాల ప్యాకెట్ వేసేవాడి దగ్గర్నుంచీ అందరి వేలిముద్రలూ, ఫోటోలూ ఉన్నాయి. ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు అని కెమెరాలు కళ్ళు మూయకుండా చూస్తూనే ఉంటాయి. లోపలున్న మనిషికి ఆ వచ్చేవాడు రావడం ఇష్టమేనా అని అడిగే గడి మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

పదకొండు రోజుల తర్వాత, ఒక గురువారం, గేటు దగ్గర రాయించుకున్న నంబరు పట్టుకుని ఆవిడ దుకాణం దగ్గరకొచ్చింది. కుడి మణికట్టుకి కట్టు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తానని చెప్పింది, ఆ చెయ్యితో సూది పట్టుకోలేక సెలవు పెట్టానంది. భర్త ఇల్లు వదిలి వెళ్ళి రెండు నెలలైందట. మధ్యమధ్య వచ్చి కొట్టి పోతుంటే తాళం మార్పించుకుంది. ఆ ఆదివారం కొట్టాడని కేసు పెడితే, ఇప్పుడు పోలీసుల దగ్గర ఆయన, నా భార్యే తలుపు తీసి రమ్మంది అంటున్నాడు. ఎదురింటాయన తనకేమీ తెలియదన్నాడు.

"తాళం కొత్తదని మీకు తెలుసు కదండీ?" అని అడిగింది.

బాబాయ్ అబద్ధం ఆడలేదు. "తెలుసమ్మా."

"ఆ ఒక్క మాట స్టేషన్‌కొచ్చి చెప్పండి. ఇంకేం వద్దు."

"సోమవారం వస్తానమ్మా," అన్నాడు.

సోమవారమే ఎందుకంటే, భయం వల్ల. తెలిసి తెలిసీ ఇంకొకరి తలుపు తీశానని తనే స్టేషన్‌లో చెప్పుకుంటే, రేపు ఆయన్ని ఏ గేటు లోపలికి రానిస్తుంది? తాళాలు తీసేవాడికి ఉన్న పెట్టుబడల్లా నమ్మకం. అది పోతే మెట్ల కింద ఆ స్టూలు ఖాళీ చేసుకోవాల్సిందే. ఇంట్లో చెప్తే పిన్ని ఊరుకోలేదు.

"చెవులు చెవులు అని ఊరంతా నీకు పేరు. ఆ పిల్ల మాట ఒక్కటీ నీ చెవిన పడలేదా?" అంది.

పడింది కాబట్టే అన్నం దిగట్లేదు అన్నాడట ఈయన. అయితే సోమవారం దాకా ఎందుకు, లే, నేనూ వస్తాను పద అని పిన్ని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఈయన లేవలేదు.

సోమవారం పొద్దున్నే దుకాణం తీశాడు. ఒక్క గంట చూసుకుని వెళ్దామనుకున్నాడు. ఎవరో స్కూటర్ తాళంచెవి చేయించుకోడానికి వచ్చారు. తర్వాత ఒక స్కూలు వాళ్ళు బీరువా తాళాలు తెచ్చారు. మామూలుగా అయితే రేపు రండి అనేవాడు, ఆరోజు మాత్రం ఒక్క పనీ వదల్లేదు. నాలుగింటికి తలెత్తితే రోడ్డుకి అవతల బస్‌స్టాప్‌లో ఆవిడ. ఎడమ భుజాన సంచీ, కుడిచేతికి కట్టు. రోడ్డు దాటలేదు, పిలవలేదు. గుర్తు చెయ్యాల్సిన పని లేదనుకుందేమో. బాబాయ్ తల దించి, చేతిలో ఉన్న తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూ కూర్చున్నాడు. రెండు బస్సులు వెళ్ళాయి. మూడోది వెళ్ళాక చూస్తే ఆవిడ లేదు. ఆ తాళంచెవి పళ్ళన్నీ అరిగి పనికి రాకుండా పోయింది.

ఇంకో పదిహేను రోజులకి ధైర్యం వచ్చింది. దుకాణం మూసి స్టేషన్‌కి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడి ఎస్సై ఓపిగ్గానే విన్నాడు. సాక్షి లేకపోతే కేసు నిలబడదని లాయరు చెబితే ఆవిడ వెనక్కి తీసుకుందని చెప్పి, ఇప్పుడొచ్చి ఏం లాభం పెద్దాయనా అని అన్నాడు. ల్యాబ్‌కి వెళితే ఉద్యోగం మానేసిందన్నారు. ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. భర్తతో వెళ్ళిందా, ఒక్కతే వెళ్ళిందా, ఎవరికీ తెలియదు. తెలిసినా బాబాయ్‌కి చెప్పేవాళ్ళు లేరు.

అంతా విని నేను ఊరుకోవచ్చు కదా. "ఎవరైనా అదే చేసేవారు బాబాయ్," అన్నాను.

"అందరూ అదే అంటారనే ఎవరికీ చెప్పనమ్మా," అన్నాడు. మెషీను ఆన్ చేశాడు.

గదికి వచ్చేదాకా నేను మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను. నేనైతే తాళం చూడగానే సంచీ సర్దుకుని వచ్చేసేదాన్ని, అవసరమైతే గేటు దగ్గర గోల చేసేదాన్ని అనుకున్నాను. గదిలో కూర్చున్నాక పై అంతస్తు గుర్తొచ్చింది. అక్కడి ఇంట్లోంచి వారానికోసారి గిన్నెలు విసిరిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ వినబడకపోవడం. ముగ్గురమూ పైకి చూస్తాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. తలుపు దగ్గర సంగతి వదిలేయండి, అక్కడ మనందరమూ మంచివాళ్ళమే. సోమవారం నాలుగింటికి రండి. మెట్ల కింద స్టూలు మీద మీరున్నారు, ముప్పై ఏళ్ళ పని మీ చేతిలో ఉంది. రోడ్డుకి అవతల ఆవిడ మీకోసం బస్సులు వదులుకుంటోంది. మీరైతే ఏం చేసేవారు?