పుల్ల ఐసుకు జత చెప్పులు

తొంభై ఆరో సంవత్సరం, మే నెల రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు నేను మా ఊరి ప్రార్థన మందిరంలో ఆరాధనకు కూర్చున్న జనం చెప్పులన్నీ మచ్చుకత్తితో నరికాను. తాగి కాదు, కక్షతో కాదు. పట్టపగలు, పంచాయతీ తరఫున, చాలా శ్రద్ధగా నరికాను. వాటిలో ఒక్క జత మాత్రం ఏ కొట్లోనూ దొరికేది కాదు. మిగతావాటికి మీరు నవ్వుకోండి, నేనూ నవ్వుతాను. ఆ జత మాట వస్తే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఆత్మకూరులో ఉదయగిరి బస్సు ఎక్కితే దారిలో వస్తుంది మా ఊరు. నేను పంచాయతీలో చెత్త మేస్త్రీని. ఊడ్చేవాళ్లు నా కింద, చెత్త దిబ్బ నా కింద, దిబ్బ మీద కుక్కలు కూడా నా మాటే వింటాయని అప్పట్లో నా నమ్మకం. పైగా తల నెరిశాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాడిని. కొత్తగా ఈత నేర్చినవాడు బావిని వదలనట్టు, నేను కనపడిన బోర్డునల్లా పైకి చదువుతూ తిరిగేవాడిని.

ఆ రాత్రి బడిలో నా పక్కన కూర్చున్నది దీనమ్మ అక్క. చిన్నప్పుడు ఆమెకు కుష్టు సోకింది. మందులతో నయమైంది గానీ పాదాలకు స్పర్శ పోయింది. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. పుండు పడితే కాలికే మోసమని ఆసుపత్రివాళ్లు ఆమె పాదం కొలత తీసి, లోపల మెత్తటి, అడుగున గట్టి రబ్బరుతో ప్రత్యేకంగా చెప్పులు కుట్టించి ఇచ్చారు. నేను చెప్పిన జత అదే.

ఇక చెత్త సంగతి. పేడా ఆకులూ అయితే కుళ్లి ఎరువవుతాయి, రైతులు బండ్లు కట్టుకొచ్చి తోలుకుపోతారు. ప్లాస్టిక్కూ రబ్బరూ కుళ్లవు. ఆ ఏడు దిబ్బ పెరిగి పెరిగి రోడ్డు మీదికి పాకింది. అప్పుడు మా సర్పంచి సరోజనమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఇళ్లలో మూలపడ్డ ప్లాస్టిక్కు, రబ్బరు సామాన్లు పిల్లలు తెచ్చిస్తే పంచాయతీ వాళ్లకు పుల్ల ఐసు ఇస్తుంది. పోగైనదాన్ని కలిగిరి నుంచి పాత సామాన్ల లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఐసు అమ్మే సుబ్బయ్య తన డబ్బాతో నా పక్కన నిలబడాలి.

"మేస్త్రీ, పిలకాయలతో జాగర్త. ఇచ్చిందాన్నే ఎనక నించి లాక్కొచ్చి మళ్లా ఇస్తారు," అంది సరోజనమ్మ.

"నేనుండంగానా? వచ్చిందాన్ని వచ్చినట్టే నరికేస్తా. రెండోసారి ఎట్ట తెస్తారో నేనూ చూస్తా," అన్నాను.

ఆ తెలివికి ఆమె కూడా తలూపింది. నా భార్య రూతమ్మ ఒక్కతే ఊపలేదు. మందిరానికి బయల్దేరుతూ, ఆదివారం పూట ఆ కత్తేందని, సాయంత్రం పెట్టుకోకూడదా అని అడిగింది. లారీ మూడింటికల్లా వస్తుందని, ఇది సర్కారు పని అని చెప్పాను.

"దేవుడికన్నా లారీ పెద్దదైపోయిందే నీకు," అనేసి వెళ్లిపోయింది.

మొదట పగిలిన మగ్గులు, విరిగిన దువ్వెనలు, చెవులు ఊడిన బకెట్లు వచ్చాయి. నరికాను. గంటలో ఊళ్లో పాత సామాను అయిపోయింది. కానీ ఒక ఐసు తిన్న పిల్లకాయకు రెండో ఐసు మీద ఉండే ఆశ మొదటిదాని మీద ఉండదు. పదకొండు గంటలప్పుడు చెప్పులు రావడం మొదలైంది. ఒళ్లో పోసుకుని కొందరు, దండ గుచ్చినట్టు చేతికి తగిలించుకుని కొందరు తెచ్చారు.

"ఇన్ని చెప్పులు యాడివిరా?"

"మా అవ్వయ్యి. పారేయమనింది."

"మీ అవ్వకు ఎన్ని కాళ్లురా?" అని నేనే జోకు వేసి, నేనే నవ్వి, నేనే నరికాను.

నీలం పట్టీ ఉన్న ఆడవాళ్ల చెప్పులు వస్తే, ఇట్లాంటివే మా ఇంట్లో కూడా ఉన్నాయని సుబ్బయ్యకు చూపించి మరీ నరికాను. తర్వాత నల్ల రబ్బరుది, మడమకు పట్టీ ఉన్నది ఒక జత వచ్చింది. రోజూ చూసే చెప్పులే. కాలికి ఉండగా చూసినవాడిని, చేతికి వచ్చేసరికి గుర్తుపట్టలేదు. కత్తి ఒక పట్టాన దిగలేదు. సరుకంటే ఇదీ అని మెచ్చుకుంటూ ఇంకా గట్టిగా వేశాను.

ఆరాధన ముగిసింది. మే నెలలో మా నేల పెనం. రోడ్డు మీద తెల్ల చీరలూ తెల్ల చొక్కాలూ పేలాలు వేగినట్టు ఎగురుకుంటూ వస్తున్నాయి. అందరికంటే ముందు పాస్టరు ప్రకాశం అయ్యగారు, బైబిలు చంకలో పెట్టుకుని, పంచె ఎగగట్టి, కొంగలాగా కాలు మార్చి కాలు వేస్తున్నారు. ఊరు శుభ్రం చేసినందుకు దీవించడానికి వస్తున్నారనుకున్నాను. కత్తి కింద పెట్టి, చెమట తుడుచుకుని, చేతులు జోడించాను.

అయ్యగారు కుప్పలోకి చూశారు.

"యాకోబూ, ఇయ్యి నాయి."

"నరికేసినాను అయ్యగారూ. ఇంక ఎవురూ మళ్లా వాడుకోలేరు," అన్నాను గర్వంగా.

మీరు ఊహించుకోండి నా మొహం, మరుక్షణం. రూతమ్మ కుప్పలోంచి నీలం పట్టీ ఒకటి లాగి నా ముక్కు ముందు ఆడించింది.

"నాకు కాళ్లుండాయని తెలుసునా నీకు?"

సుబ్బయ్య డబ్బా భుజానికెత్తుకుని, తాను ఐసు మాత్రమే ఇచ్చానని, కత్తి తనది కాదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. గోల విని వచ్చిన సరోజనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారికే నవ్వు ఆగలేదు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. బతికిపోయాననుకున్నాను.

అప్పుడు రూతమ్మ అంది: "దీనమ్మ అక్క మందిరం మెట్ల మీదే కూర్చోనుండాది. ఆమెయ్యి గూడా లేవు."

నవ్వు ఠక్కున ఆగింది. మనకు కాలితే ఎగురుతాం. ఆమెకు కాలినట్టే తెలియదు.

కుప్పలో చేతులు పెట్టి నల్ల ముక్కలు ఏరుకుని పరుగెత్తాను. ఆమె నీడ పట్టున, కాళ్లు చీరలోకి ముడుచుకుని కూర్చుని ఉంది.

"చెప్పులు ఎవురో ఎత్తకపోయినారంట్రా. యాడన్నా జూసినావా?"

ముక్కలు చూపించాను. ఆమె ఒక ముక్కను ఇంకో ముక్కకు ఆనించి చూసింది.

"గట్టిగా ఉండినాయా నరికేటప్పుడు?"

"గట్టిగానే ఉండినాయక్కా."

"ఆసుపత్రోళ్లు మంచి పనే చేసినారయితే," అంది.

తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు. చెత్త బండి తెచ్చి, నీళ్లు కొట్టి కడిగి, గోనె పరిచి ఆమెను ఎక్కించాను. వీధి వీధంతా గడపల్లోకి వచ్చి చూస్తోంది.

"నిదానంగా తోలరా. అలవాటు కొద్దీ దిబ్బ మీద కుమ్మరించేవు," అంది ఆమె, అందరికీ వినపడేట్టు. వాళ్లు నవ్వారు. నేను తల వంచుకుని తోశాను.

ఆసుపత్రిలో మళ్లీ కొలత తీయించి కొత్త జత తెచ్చేసరికి వానలు పడ్డాయి. అంతదాకా ఆమె గడప దాటాలంటే నా బండే. ఒకరోజు నేను ఆలస్యం చేస్తే పంపు దాకా ఒట్టి కాళ్లతో నడిచి అరికాలు బొబ్బలెక్కించుకుంది. అవి మానేదాకా నాకు అన్నం సయించలేదు.

కొత్త చెప్పులతో వచ్చిన మొదటి ఆదివారం, మందిరం గుమ్మంలో వాటిని విప్పి నా చేతుల్లో పెట్టింది.

"నేనొచ్చేదాకా పట్టుకోని ఈడనే కూర్చో. కదలబాక."

అది చూసి అయ్యగారు తనవి కూడా నా ముందు విడిచారు. తర్వాత రూతమ్మ. తర్వాత ఊరంతా. సర్కారు పని పేరు చెప్పి ఏళ్ల తరబడి ఆరాధన ఎగ్గొట్టినవాడిని, ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చెప్పుల మధ్య కూర్చుని ప్రసంగం ఆసాంతం విన్నాను.

కాబట్టి ఇందుమూలంగా ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఇది ఎవరి కాలిదని ఊరంతా తిరిగి అడగనిదే, ఈ జన్మలో ఏ చెప్పు మీదా కత్తి ఎత్తనని ప్రమాణం చేస్తున్నాను. సాక్షులు ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లే: సర్పంచి సరోజనమ్మ, ప్రకాశం అయ్యగారు, ఐసు సుబ్బయ్య, నా భార్య రూతమ్మ, ఐసు తిని నాలుకలు ఎర్రగా పండిన పిల్లలు మస్తాను, మేరి, దానియేలు, వెంకటలక్ష్మి, కత్తి పట్టిన నేను, మెట్ల మీద దీనమ్మ అక్క.